సిమెంటు ఫర్నిచరు పైముఖం: నునుపు, గరుకు, గచ్చు, మొజాయిక్ ముగింపులకు దశలవారీ మార్గదర్శి

సిమెంటు టీపాయి చేయాలనుకునేవారు మొదట అడిగేది 'పైన ఏ కోటింగ్ వేయాలి?' అని. నిజానికి అది ఆఖరున రావలసిన ప్రశ్న. తడి సిమెంటు గట్టిపడేటప్పుడు ఏ వస్తువుకు ఆనుకుని ఉంటుందో ఆ వస్తువు ముఖమే దానికి వస్తుంది. సన్‌మైకాకు ఆనితే సన్‌మైకా నునుపు, గోనెకు ఆనితే గోనె నేత. అచ్చు పలక, ఇసుక, నీళ్ల కొలత, తాపీ పెట్టిన వేళ, ఈ నాలుగూ పైముఖాన్ని ముందే తేల్చేస్తాయి. కోటింగ్ దాన్ని కాపాడుతుంది, అంతే. చెడిన ముఖాన్ని కోటింగ్ దాచదు సరికదా, మెరిపించి మరీ చూపిస్తుంది.

బెంగళూరు ఈ పనికి అనువైన ఊరు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉండటం వల్ల ఎండ మితంగా ఉంటుంది, తాపీ పని చేసేవారికి చెన్నైలో కంటే కాస్త ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. పనిముట్లకు ఎస్పీ రోడ్డు ఉంది, అచ్చు చెక్కకు మైసూరు రోడ్డు వైపు టింబర్ యార్డు ఉంది, రాతి ముక్కలకు జిగణి చుట్టుపక్కల గ్రానైటు కోత మిల్లులు ఉన్నాయి. బసవనగుడి, మల్లేశ్వరం పాత ఇళ్లలో దశాబ్దాల నాటి ఎర్ర గచ్చు ఇప్పటికీ మెరుస్తోంది. తెలుగు మాట్లాడే తాపీ మేస్త్రీలకూ ఇక్కడ కొదవ లేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

వివరించడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం: 45 సెంటీమీటర్ల చదరం, 2.5 సెంటీమీటర్ల మందం ఉన్న టీపాయి పలక. ఇది సుమారు 5 లీటర్ల పరిమాణం, 11 నుంచి 12 కిలోల బరువు. ఒక్కరే తిప్పవచ్చు, అపార్టుమెంటు లిఫ్టులో ఇబ్బంది లేకుండా ఎక్కించవచ్చు.

మొదటి దశ: వస్తువు ఎక్కడ ఉండబోతోంది?

ముగింపును ఎంచుకునే ముందు దాని మీద ఏమి పడుతుందో ఆలోచించండి. భోజనాల బల్ల మీద చింతపండు పులుసు, పసుపు, నూనె పడతాయి. బాల్కనీ బెంచీ మీద వాన, పడమటి ఎండ పడతాయి. దేవుడి అరమీద నూనె, కుంకుమ, కర్పూరం మసి పడతాయి. భోజనాల బల్లకు లోతైన గరుకు పనికిరాదు. మెతుకులు ఇరుక్కుంటాయి, రోజూ బ్రష్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. అదే గరుకు బల్ల కాళ్లకో, బెంచీ పక్క పలకకో చాలా అందం. చెయ్యి ఆనే చోట నునుపు, కన్ను ఆనే చోట గరుకు ఉంచితే చాలావరకు పొరపాటు జరగదు.

'నున్నగా, ఒక్క బుడగ లేకుండా, అంతటా ఒకే రంగు' అనేది అన్నిటికన్నా కష్టమైన ముగింపు. చూడటానికి సాదాగా ఉంటుంది కాబట్టి కొత్తవారు దానితోనే మొదలుపెడతారు. నా సలహా వేరు. మొదటి వస్తువుకు అరగదీసే ముగింపును, అంటే రాతి చిప్స్ కలిపి పోసే మొజాయిక్ వంటిదాన్ని ఎంచుకోండి. అరగదీతలో పై పొరతో పాటు చిన్నచిన్న లోపాలూ పోతాయి. అచ్చు నుంచి నేరుగా వచ్చే నునుపుకు ఆ వెసులుబాటు లేదు.

రెండో దశ: సరుకు

సిమెంటు: ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటు) 53 గ్రేడు త్వరగా బలం పుంజుకుంటుంది, అచ్చు తొందరగా విప్పవచ్చు. పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజొలానా సిమెంటు) నిదానంగా గట్టిపడుతుంది, దాన్ని మరిన్ని రోజులు తడపాలి. లేత రంగులు కావాలంటే తెల్ల సిమెంటు తప్పదు. బూడిద సిమెంటులో పసుపు పచ్చ పొడి ఎంత కలిపినా వచ్చేది ఆకుపచ్చ ఛాయ తగిలిన మురికి రంగే. బూడిద, తెలుపు సగం సగం కలిపితే మెత్తని లేత బూడిద వస్తుంది, చాలా ఇళ్లకు అది నప్పుతుంది. బస్తా మీద తయారీ వారం చూసి కొనండి. గడ్డలు కట్టిన సిమెంటును జల్లించి వాడితే గోడకు సరిపోతుందేమో గానీ పైముఖానికి సరిపోదు.

ఇసుక: బెంగళూరులో నది ఇసుక దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. రాతిని నలగగొట్టి తీసే ఎం-శాండ్, అంతకన్నా సన్నని పి-శాండ్ దుకాణంలో దొరుకుతాయి. నునుపు ముగింపుకు పి-శాండ్ మేలు. అయితే ఈ రాతి ఇసుకలో సన్నపొడి ఎక్కువ, గింజలు కోసుగా ఉంటాయి, అందుకే నీళ్లు ఎక్కువ తాగుతుంది. దీని రంగు కూడా ముఖానికి అంటుతుంది. ముదురు బూడిద ఇసుకతో తెల్ల బల్ల రాదు. తెలుపు కావాలంటే పాలరాతి పొడినో, తెల్ల క్వార్ట్జ్ ఇసుకనో వెతకాలి.

నీళ్లు: బోరు నీళ్లలో కరిగిన లవణాలు ఎండాక పైకి తేలి తెల్ల మచ్చలవుతాయి. ముదురు రంగు వస్తువుకు కావేరి కుళాయి నీళ్లు పట్టుకోండి. తడపడానికి కూడా అవే వాడండి. కలపడానికి మంచినీళ్లు వాడి, వారం రోజులు బోరు నీళ్లు చల్లితే చేసిందంతా వృథా.

రంగు: ఐరన్ ఆక్సైడ్ పొడులు ఎండకు వెలవవు. సిమెంటు బరువులో 3 నుంచి 5 శాతం సరిపోతుంది. 6 శాతం దాటాక రంగు పెద్దగా ముదరదు, 10 శాతం దాటితే బలం తగ్గుతుంది. మరీ చవకగా దొరికే పొడుల్లో సుద్ద వంటి కల్తీ ఉండే అవకాశం ఎక్కువ.

గాజు పోగులు: క్షారాన్ని తట్టుకునే ఏఆర్ రకం, 12 మిల్లీమీటర్ల పొడవువి కొనండి. పడవలకు, ట్యాంకులకు వాడే మామూలు ఫైబర్ గ్లాసును సిమెంటులోని క్షారం కొన్నేళ్లలో తినేస్తుంది. పలక వెనుక భాగానికి అదే రకం జాలీ కూడా దొరికితే తీసుకోండి.

నీళ్లు తగ్గించే ప్లాస్టిసైజర్: పీసీఈ (పాలీకార్బాక్సిలేట్ ఈథర్) రకం. కొద్దిపాటి నీళ్లతోనే మిశ్రమం జారేలా చేస్తుంది. సిమెంటు బరువులో 0.5 నుంచి 1 శాతం మధ్య మొదలుపెట్టి, డబ్బా మీద ఇచ్చిన కొలత మించకండి.

చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు కూడా సరుకుల చిట్టాలో రాసుకోండి. తడి సిమెంటు క్షార తీవ్రత 12 పీహెచ్ పైనే ఉంటుంది, చర్మాన్ని కాలుస్తుంది. అది వెంటనే మంట పుట్టించదు కాబట్టే ప్రమాదం. పొడిగా అరగదీస్తే లేచే రాతి ధూళి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ అనే నయం కాని జబ్బు తెస్తుంది. ఈ మార్గదర్శిలో అరగదీత ఎక్కడ వచ్చినా తడిగానే అని అర్థం చేసుకోండి.

మూడో దశ: నమూనా పలకలు

ఈ దశను దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటకండి. 15 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందంతో పలకలు పోయండి. ఒక్కోదానికి కిలో మిశ్రమం చాలు. ఒకదానికి 3 శాతం రంగు, మరొకదానికి 5 శాతం. ఒకటి మెరిసే సన్‌మైకా మీద, మరొకటి మ్యాట్ సన్‌మైకా మీద, ఇంకొకటి వట్టి ప్లైవుడ్ మీద పోయండి. ప్రతి పలక వెనుక, అది పచ్చిగా ఉన్నప్పుడే, మేకుతో కొలతలు గీసి పెట్టండి. కాగితం మీద రాసుకున్నది పోతుంది.

రంగును తడి మీద చూసి తీర్పు చెప్పకూడదు. అచ్చు విప్పిన రోజు ముదురుగా కనిపించేది రెండు మూడు వారాల్లో బాగా తేలిపోతుంది. నీళ్ల కొలత మారినా రంగు మారుతుంది: నీళ్లు పెరిగితే ముఖం లేతబారుతుంది. రెండు విడతలుగా పోసిన బల్ల, బెంచీ ఒకే రంగులో రాకపోవడానికి తరచు ఇదే కారణం. కొలతలు డబ్బాతో కాదు, వంటింటి కాటాతో తూచండి.

ఈ పలకలను తర్వాత మరకల పరీక్షకు కూడా వాడుకోబోతున్నాం, పారేయకండి.

నాలుగో దశ: అచ్చు

పలకను తలకిందులుగా పోయడమే మంచి పద్ధతి. అచ్చు అడుగు భాగం బల్ల పైముఖం అవుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు సన్‌మైకా అంటించిన అడుగు, అదే సరుకుతో పక్క పట్టీలు, మేకులు కాకుండా స్క్రూలు. మేకులు కొడితే విప్పేటప్పుడు అంచు విరుగుతుంది.

మెరిసే, నీరు పీల్చని అచ్చు గురించి ఒక మాట. దాని మీద నునుపు వస్తుంది గానీ గాలి బయటికి పోయే దారి లేక బుడగలు ముఖానికే అంటుకుంటాయి, రంగు కూడా మబ్బులు మబ్బులుగా, ముదురుగా వస్తుంది. మ్యాట్ సన్‌మైకా మీద కాస్త సమానంగా వస్తుంది. కొందరికి ఆ మబ్బులే నచ్చుతాయి. నమూనా పలకలు పక్కపక్కన పెట్టి తేల్చుకోండి.

మూలల్లో సిలికాన్ పట్టించి వేలితో లాగితే అంచు చిన్న గుండ్రంతో వస్తుంది. సూటిగా కత్తిలాంటి అంచు కోరుకోకండి, మొదటి నెలలోనే పెచ్చు లేస్తుంది. సిలికాన్ ఎండాక అచ్చంతా స్పిరిట్‌తో తుడిచి, పలచగా మైనం పూసి పొడిగుడ్డతో రుద్దండి. నూనె ధారాళంగా పూయడం మన దగ్గర సెంట్రింగ్ పనివాళ్ల అలవాటు, శ్లాబు అడుగున అది చెల్లుతుంది. బల్ల ముఖం మీద నూనె నిలిచిన ప్రతిచోటా మచ్చ పడుతుంది.

చెక్క గీతల ముద్ర కావాలంటే పెట్టెలకు వాడే పైన్ పట్టీలు తీసుకుని, ఇనుప తీగల బ్రష్‌తో గీతల వెంట గట్టిగా రుద్దండి. మెత్తని భాగం పోయి గీతలు పైకి లేస్తాయి. కొత్త పచ్చి చెక్కలోని చక్కెర పదార్థాలు సిమెంటును గట్టిపడనివ్వవు. అచ్చు విప్పాక ముఖం మీద పొడి రాలడం దాని గుర్తు. ఒకసారి సిమెంటు పాలు పూసి ఎండబెట్టి, కడిగి, ఆ పైన వార్నిష్ రెండు పూతలు వేస్తే ఆ బెడద ఉండదు.

ఐదో దశ: కలపడం, పోయడం

మన పలకకు 4 కిలోల సిమెంటు, 6 కిలోల ఇసుక, లీటరున్నర నీళ్లు, ప్లాస్టిసైజర్ 20 నుంచి 40 గ్రాములు. రంగు వేస్తే 5 శాతం లెక్కన 200 గ్రాములు. ముందు సిమెంటు, రంగు పొడిగానే బాగా కలిపి జల్లించండి, తర్వాత ఇసుక. నీళ్లలో మూడు వంతులు పోసి కలిపి, మిగతా వంతులో ప్లాస్టిసైజర్ కరిగించి కొద్దికొద్దిగా చేర్చండి. చిక్కటి ఇడ్లీ పిండిలా జారితే చాలు. జారడం లేదని చెంబెడు నీళ్లు పోయడం దగ్గరే ఎన్నో బల్లలు పాడవుతాయి: మిగులు నీరు ఆవిరయ్యాక సన్నని రంధ్రాలు, పైన బలహీనమైన పొర మిగులుతాయి.

ఈ మిశ్రమంలో ఐదో వంతు, పోగులు కలపకుండా, పక్కకు తీయండి. అది ముఖ పొర. దాన్ని మొదట అచ్చు అడుగున 4, 5 మిల్లీమీటర్ల మందం పరిచి, మెత్తని బ్రష్‌తో మూలల్లోకి, అంచుల వెంట రుద్దండి. మిగిలినదానిలో 100 గ్రాముల గాజు పోగులు కలపండి. ముఖ పొర మెరుపు తగ్గి కాస్త బిగుసుకోగానే, ఇంకా తడిగా ఉండగానే, వెనుక పొర వేయండి. ఆలస్యమైతే రెండు పొరలూ అతుక్కోవు. సగం మందంలో జాలీ పరిచి మిగతా నింపండి. పోగులు ముఖ పొరలోకి వస్తే నున్నటి బల్ల మీద వెంట్రుకల్లా కనిపిస్తాయి, అందుకే ఇంత తతంగం.

బుడగలు పోగొట్టడానికి అచ్చు కింద, పక్కల రబ్బరు సుత్తితో చిన్నగా, ఎడతెగకుండా తట్టండి. ఇసుక కాగితం తీసేసిన సాండర్ మిషను అచ్చుకు ఆనించినా మంచి అదురు వస్తుంది. పైకి బుడగలు రావడం ఆగగానే మీరూ ఆపండి. అదురు మరీ ఎక్కువైతే నీరు, ఇసుక విడిపోతాయి.

ప్లాస్టిక్ కాగితం కప్పి 24 గంటలు కదపకండి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి చలికి 36 నుంచి 48 గంటలు ఆగడం మంచిది. అచ్చు విప్పేటప్పుడు పక్క పట్టీలు ముందు, అడుగు చివర. స్క్రూడ్రైవరుతో పొడవకండి, చెక్క ముక్కను మెల్లగా దూర్చండి.

ఆరో దశ: ముగింపులు

అచ్చు నునుపు. విప్పగానే వచ్చిన ముఖం. సూది మొనంత రంధ్రాలు తప్పవు. వాటిని ఉంచాలా, పూడ్చాలా అన్నది మీ ఇష్టం. ఉంచడమే నాకు నచ్చుతుంది, కానీ భోజనాల బల్లకు పూడ్చక తప్పదు. అదే సిమెంటు, అదే రంగును వెన్నలా కలిపి, రబ్బరు పట్టీతో అడ్డదిడ్డంగా లాగి రంధ్రాల్లోకి పంపండి. బూడిద సిమెంటుతో పూడ్చిన చోటు చుట్టుపక్కలకన్నా నల్లబడుతుంది కాబట్టి అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకు తెల్ల సిమెంటు కలపండి. మర్నాడు 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి వాడే ఇసుక కాగితం) తడిగా రుద్దితే సరి.

ఎర్ర గచ్చు. ఇది అచ్చు వైపు కాదు, పైకి తెరిచి ఉన్న వైపు చేసే పని. కాబట్టి పలకను తలకిందులు కాకుండా, ముఖం పైకి పెట్టి పోయాలి. ఈ పనిలో విద్యంతా వేళ తెలుసుకోవడమే. పోసిన తర్వాత పైకి నీరు చేరుతుంది. అది పూర్తిగా పోయేవరకు తాపీ ముట్టకూడదు. ఆ నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లే అలవాటు చాలామంది మేస్త్రీలకు ఉంది. అలా చేసిన ముఖం కొన్నాళ్లకు సాలెగూడులా సన్నని నెరలు విచ్చి, పొడి రాలుతుంది. నీరు దానంతటదే పోయాక, బొటనవేలు నొక్కితే రెండు మూడు మిల్లీమీటర్ల గుర్తు పడే వేళ, చెక్క తాపీతో చదును చేయండి. అప్పుడు సిమెంటు, రెడాక్సైడ్ (ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పొడి), సన్నని పాలరాతి పొడి ముందే జల్లించి ఉంచిన మిశ్రమాన్ని జల్లెడతో పలచగా చల్లి, అది కింద తడిని పీల్చుకుని రంగు తిరిగాక తాపీతో నొక్కండి. రెండోసారి మళ్లీ పలచగా, మొదటిదానికి అడ్డంగా.

తర్వాత ఉక్కు తాపీ. మొదటిసారి దాదాపు బల్లపరుపుగా పట్టుకుని లాగండి. ప్రతి విడతకూ మధ్య విరామం ఇచ్చి, ముఖం గట్టిపడేకొద్దీ తాపీని కాస్త కాస్త వాల్చి, ఒత్తిడి పెంచుతూ పోండి. చివరి విడతల్లో తాపీ కింద కిర్రుమనే శబ్దం వస్తుంది, వేలు గుర్తు పడదు, ముఖం తనంతట తాను మెరవడం మొదలుపెడుతుంది. బెంగళూరు ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది, పై పొర లోపలికన్నా ముందే ఎండిపోయి మోసం చేస్తుంది. ఆ నెలల్లో ఈ పనికి తెల్లవారుజామునే దిగండి, లేదా కిటికీలు మూసిన గదిలో చేయండి. ఉక్కు తాపీ ఎక్కువ రుద్దిన చోట నల్లని మచ్చలు పడతాయి. ఎరుపు, నలుపు గచ్చులకు అది నిండుదనాన్ని ఇస్తుంది, తెల్ల సిమెంటుకు మాత్రం మాసినట్టు కనిపిస్తుంది. తెలుపుకు ప్లాస్టిక్ తాపీ వాడాలి. పూర్తిగా నీళ్లు పట్టి ఆరాక కొబ్బరి నూనె పలచగా రుద్దడం, ఆ తర్వాత మైనం పట్టించడం పాత ఇళ్ల పద్ధతి. నేటికీ దేవుడి అరకు, కూర్చునే అరుగుకు దానికి మించినది లేదు.

మొజాయిక్. పాలరాతి చిప్స్‌కు నేల పనిలో స్థిరపడిన కొలత ఉంది: బరువులో మూడు పాళ్ల సిమెంటుకు ఒక పాలు పాలరాతి పొడి. అలా కలిపిన పొడి నాలుగు పాళ్లకు ఏడు పాళ్ల చిప్స్, ఇది డబ్బా కొలత. తెల్ల సిమెంటులో లేత రంగు, ఆకుపచ్చ, నలుపు చిప్స్ కలిపితే కళ్లు తిప్పుకోలేరు. పెద్ద ముక్కలు వాడాలనుకుంటే పలక మందంలో మూడో వంతు మించకూడదు. గ్రానైటు ముక్కలు జిగణి వైపు కోత మిల్లుల దగ్గర చవకగా దొరుకుతాయి గానీ ఒక చిక్కు ఉంది. గ్రానైటు గట్టిది, చుట్టూ ఉన్న సిమెంటు మెత్తనిది. అరగదీస్తే సిమెంటు ముందు తగ్గి రాళ్లు బొడిపెల్లా నిలుస్తాయి. వజ్రపు ప్యాడ్లు (గ్రైండరుకు తగిలించే అరగదీత బిళ్లలు) ఉంటే, సిమెంటు పూర్తిగా బలపడ్డాకే గ్రానైటు జోలికి వెళ్లండి. మరోవైపు, పాలరాతి చిప్స్‌కు పులుపు పడదు. వంటింటి బల్లకు గ్రానైటు, హాలు టీపాయికి పాలరాయి అని పంచుకోవచ్చు.

పోసిన 5 నుంచి 7 రోజులకు, వేగం తగ్గించగలిగే తడి గ్రైండరుతో మొదలుపెట్టండి. 50 నంబరు ప్యాడుతో చిప్స్ సగం ముఖం చూపేవరకు, తర్వాత 100, 200. ఇక్కడ ఆగి, కడిగి, అదే రంగు సిమెంటు పేస్టుతో రంధ్రాలు పూడ్చి, రెండు మూడు రోజులు తడిపి ఉంచండి. మళ్లీ 200 నుంచి 400, 800, కావాలంటే 1500 వరకు. ఒక నంబరు ఎగరగొట్టితే దాని ముందరి గీతలు చివరిదాకా కనిపిస్తాయి. నేల మేస్త్రీలు ఆఖరున ఆక్సాలిక్ యాసిడ్ పొడి చల్లి, తడిపి, ఉన్ని గుడ్డతో రుద్దుతారు. ఆ మెరుపు నిజమైనదే, కానీ ఆ పొడి విషం. తొడుగులు వేసుకుని చేసి, తర్వాత బాగా కడిగేయండి. గ్రైండరు తడి పని కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ప్లగ్గుకే తగిలించండి. కారిన సిమెంటు బురదను బాత్రూమ్ తూములో పోయకండి. పైపులో గడ్డకడుతుంది, కింది అంతస్తువారితో మాట పడాల్సి వస్తుంది. బక్కెట్లో ఒక రాత్రి ఉంచి, పైనీరు వంపేసి, అడుగు ముద్దను ఎండబెట్టి పారేయండి.

కంకర తేలిన ముఖం. పంచదార సిమెంటును గట్టిపడనివ్వదు, ఆ గుణాన్నే ఇక్కడ వాడుకుంటాం. ముఖం పైకి పెట్టి పోసి, రాళ్లు సమానంగా అదిమి, పైనీరు ఇంకాక చిక్కటి పంచదార పాకం నీళ్లు పిచికారీ చేసి ప్లాస్టిక్ కప్పండి. మర్నాడు లోపల గట్టిపడి ఉంటుంది, పైపొర మాత్రం మెత్తగానే ఉంటుంది. నైలాన్ బ్రష్, నీటి ధారతో దాన్ని కడిగేస్తే రాళ్లు తేలతాయి. రాయి ఎత్తులో మూడో వంతు కన్నా ఎక్కువ బయటపడకుండా చూసుకోండి, లేదంటే ఒక్కొక్కటే ఊడిపోతాయి. పంచదార మిశ్రమంలో పొరపాటున కూడా కలవకూడదు. బాల్కనీ కుండీల స్టాండుకు, బెంచీ పక్కలకు ఇది చక్కని ముగింపు, పైగా చవక.

రాతి పొరల ముఖం. నీళ్లు బాగా తగ్గించి, పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టే మిశ్రమాన్ని ముద్దలు ముద్దలుగా అచ్చు అడుగున అదమండి. మధ్యలో కావాలనే సందులు వదిలేయండి, వెనుక మాత్రం మామూలు మిశ్రమంతో నింపండి. విప్పాక ముఖమంతా గుంతలు, పగుళ్లు. వాటిలో వేరే రంగు సిమెంటు పేస్టు దట్టించి, మూడు రోజుల తర్వాత అరగదీస్తే పొరలు పొరలుగా ఉన్న రాయి అనిపిస్తుంది. బుడగల భయం అసలే లేని పద్ధతి ఇది. కొత్తవారికి మొజాయిక్ తర్వాత నేను చెప్పేది దీన్నే.

ఇక ముద్రలు. గోనె, నలిగిన ప్లాస్టిక్ కాగితం, రబ్బరు మ్యాటు, చేమ ఆకు, ఏదైనా అచ్చు అడుగున పరచవచ్చు. ఆకును ఈనెలు పైకి వచ్చేలా పెట్టి, అంచులు కొద్దిగా జిగురుతో అంటించండి, లేదంటే కిందికి మిశ్రమం దూరుతుంది. గోనె పోగులు సిమెంటులో ఇరుక్కుంటాయి కాబట్టి ముందు వార్నిష్ పట్టించాలి. ఇవి ఒక్క వస్తువుకు అందంగా ఉంటాయి. ఇల్లంతా చేస్తే విసుగు.

ఏడో దశ: నీళ్లు పట్టడం

ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి కనీసం 10 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 14 రోజులు తడి ఉండాలి. గోడకైతే గోనె చుట్టి నీళ్లు పోస్తారు. బల్ల ముఖం మీద తడి గోనె వేస్తే దాని రంగు దిగుతుంది. ప్లాస్టిక్ కాగితం ముఖానికి అంటుకుంటే, అంటుకున్న చోట ఒక రంగు, ముడత లేచిన చోట మరొక రంగు వస్తుంది. ఆ మచ్చలు ఎంత రుద్దినా పోవు. మేలైన పద్ధతి: పలకను చెక్క పట్టీల మీద నిలిపి, చుట్టూ తగలకుండా ప్లాస్టిక్ గుడారం కట్టి, లోపల ఒక నీళ్ల పళ్లెం పెట్టడం. గాలిలో తడి చాలు.

ఎండిన తర్వాత ముఖం మీద తెల్లటి పొర వస్తే కంగారు వద్దు. సిమెంటులో మిగిలిన సున్నం నీటితో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి గట్టిపడింది. మొదట పొడి బ్రష్‌తో రుద్దండి. పోకపోతే 3 నుంచి 5 శాతం సల్ఫామిక్ యాసిడ్ నీళ్లు, అదీ ముందు పలకను తడిపి, పూసిన నిమిషంలోనే కడిగేయండి. నమూనా పలక మీద ముందు చూడకుండా బల్ల మీదికి పోకండి, మెరుపు చచ్చిపోతుంది.

ఎనిమిదో దశ: సీలర్

పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎరుపు వస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కొత్త సిమెంటు బల్ల మీద పప్పు ఒలికినా అదే జరుగుతుంది: ముఖంలో మిగిలిన క్షారం పసుపును ఎర్రటి మరకగా మార్చేస్తుంది. ఎండ తగిలితే పసుపు మరక క్రమంగా వెలుస్తుంది కాబట్టి కిటికీ పక్కన ఒకటి రెండు రోజులు పెడితే చాలావరకు తగ్గుతుంది. చింతపండు, నిమ్మరసం సంగతి అలా కాదు. వాటిలోని ఆమ్లం సిమెంటును కరిగించి తినేస్తుంది. అది మరక కాదు, గాయం. తుడిస్తే పోదు.

సీలర్లు, అంటే మొదట చెప్పిన కోటింగులు, రెండు జాతులు. లోపలికి ఇంకేవి: సిలేన్, సిలాక్సేన్ రకాలు. రూపం దాదాపు మారదు, నీరు ఇంకదు, ఊడిపోయే పొర ఉండదు. బాల్కనీ వస్తువులకు ఇవే, ఎందుకంటే ఎండావానలకు పొరలు లేచిపోతాయి. కానీ పులుపును ఇవి ఆపలేవు. పైన పొర కట్టేవి: నీటి అక్రిలిక్, ఎపాక్సీ, రెండు డబ్బాలు కలిపి వేసే పాలీయురేథేన్. అక్రిలిక్ చవక, మెత్తన, వేడి గిన్నె పెడితే అంటుకుంటుంది. ఎపాక్సీ ఎండ తగిలితే పసుపు పచ్చబడుతుంది. భోజనాల బల్లకు రెండు డబ్బాల పాలీయురేథేన్ మ్యాట్ రకం ఒక్కటే నేను ఒప్పుకునేది. పలచగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య 400 పేపర్‌తో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి. అరగదీసిన మొజాయిక్‌కు, గచ్చుకు పైన మైనం పెట్టే ముందు లిథియం సిలికేట్ పట్టిస్తే అది సిమెంటులోని సున్నంతో కలిసి ముఖాన్ని గట్టిపరుస్తుంది.

పొర కట్టే సీలర్‌కు ముందు 28 రోజులు ఆగండి. తడి ఉందో లేదో చూడటానికి ఒక ప్లాస్టిక్ ముక్కను ముఖం మీద నాలుగు వైపులా టేపుతో బిగించి ఒక రోజు వదిలేయండి. లోపల చెమ్మ పట్టినా, కింద ముఖం నల్లబడినా ఇంకా ఆగాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఈ నిరీక్షణ ఎక్కువ అవుతుంది.

ఇప్పుడు దాచిన నమూనా పలకలు తీయండి. ఒక్కోదానికి ఒక్కో సీలర్ పూసి, ఎండాక నూనె, పసుపు నీళ్లు, చింతపండు పులుసు, కాఫీ, ఆవకాయ ఊట చుక్కలు వేయండి. కొన్ని పావుగంటకు, కొన్ని మర్నాటికి తుడవండి. ఆ పలకల్ని చూశాక మీకు ఏ దుకాణదారు సలహా అక్కర్లేదు.

వాడుకలో

తుడవడానికి సబ్బునీళ్లు చాలు. ఫ్లోర్ క్లీనర్లు, ముఖ్యంగా టాయిలెట్ క్లీనర్ వంటి యాసిడ్ ద్రవాలు, దరి చేరనీయకండి. వేడి గిన్నె కింద చాప ముక్క వేయండి. మైనం పట్టించిన గచ్చుకు మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ మైనం రుద్దాలి. నీటి చుక్క వేస్తే నిలబడకుండా ఇంకడం మొదలైందంటే వేళ వచ్చినట్టే. లోపలికి ఇంకే రకం సీలర్‌కూ ఇదే పరీక్ష.

పులుపు తిన్న మచ్చను మొజాయిక్ మీద 400, 800 ప్యాడ్లతో ఆ చోట, చుట్టూ కాస్త దూరం వరకు తడిగా రుద్ది, మైనం పెడితే కలిసిపోతుంది. గచ్చు మీద అలా రుద్దితే తాపీ తెచ్చిన పైపొర పోయి కింది లేత రంగు బయటపడుతుంది. అక్కడ మైనంతో సరిపెట్టుకోవడమే మంచిది. పాలీయురేథేన్ మీద గీత పడితే ఆ ఒక్క చోట పూస్తే అంచు గీత కనిపిస్తుంది. బల్ల ముఖమంతా 400 పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, మొత్తానికి ఒక పూత వేయాలి. అంచు పెచ్చు ఊడితే ముక్కను పారేయకుండా ఎపాక్సీ జిగురుతో అతికించి, సన్నని గీతను అదే రంగు సిమెంటు పేస్టుతో పూడ్చండి. ఇందుకోసం మొదట కలిపిన సిమెంటు, రంగు పొడి మిశ్రమం ఒక గుప్పెడు గాలి చొరని సీసాలో, పేరు రాసి, తేమ తగలని చోట దాచుకోండి.